ఏం చూస్తే ఒప్పుకుంటావ్?

మా బాపు దినాలు అయిపోయి, చుట్టాలంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాక, ఆయన చివరి రోజుల సంగతి ఎవరికైనా చెప్పాలి అనిపించిన మొదటి మనిషి మా చుట్టం కాదు. చిక్కడపల్లిలో ఉండే సీతామహాలక్ష్మి మేడం. ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఫోన్‌లో అయితే ఆమె వరసగా ప్రశ్నలు వేస్తారు, నేను ఏడుస్తాను, మాట సాగదు. అందుకే ఒక ఆదివారం పొద్దున్నే వరంగల్‌లో బస్సెక్కాను. హైదరాబాద్‌లో క్రాస్ రోడ్స్ దగ్గర దిగి నడుస్తూ చూశాను, కోచింగ్ సెంటర్ల బోర్డులు మా రోజుల కంటే పెద్దవయ్యాయి, వాటి మీద నవ్వే మొహాలు ఇంకా పెద్దవయ్యాయి. మేడం వాళ్ల పాత ఇల్లు ఇప్పుడు లేదు, ఆ జాగాలోనే అపార్ట్‌మెంట్ లేచింది. అందులో మొదటి అంతస్తులో వాళ్లిద్దరూ ఉంటున్నారు. మెట్లెక్కుతుంటే కాఫీ డికాక్షన్ వాసన వచ్చింది. ఇల్లు మారినా ఆ వాసన మారలేదు. అక్కడే, మెట్ల మీదే, నాకు ఏడుపొచ్చేసింది.

నేను ఆ ఇంట్లోకి వచ్చింది డిగ్రీ అయ్యాక, గ్రూప్స్‌కు చదువుకోవడానికి. అంతకుముందు అశోక్ నగర్‌లో ఒక హాస్టల్లో ఉన్నాను. ఒక్క గదిలో మంచాలు ఎన్ని పడతాయో అన్నీ వేసి, మిగిలిన సందులో మమ్మల్ని నడవమనేవాళ్లు. లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే చున్నీ వేసి పెట్టుకోవడం, కరెంట్ అఫైర్స్ బట్టీ కొట్టడం, రాత్రికి నీళ్ల సాంబారు. జనగామ దగ్గర మా పల్లె నుంచి పట్నంలో చదవడానికొచ్చిన మొదటి ఆడపిల్లను నేను. అమ్మకు అది మొదటి నుంచీ ఇష్టం లేదు. బాపు ఒక్కడే పట్టుబట్టి పంపించాడు. అందుకని హాస్టల్లో ఎంత పరేషాన్ అయినా ఇంటికి చెప్పేదాన్ని కాదు. చెబితే రమ్మంటారని భయం. చివరికి ఒక స్నేహితురాలు, చిక్కడపల్లిలో రిటైర్డ్ లెక్చరర్ల ఇంట్లో మేడ మీద గది కిరాయికి ఉందని చెప్పింది. 'వాళ్లు జర వేరే టైపు, చూసుకో' అని కూడా చెప్పింది.

వేరే టైపే. మేడం నారాయణగూడలో ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆమె భర్త రామ్మోహన్ సార్ ఫిజిక్స్ లెక్చరర్. తెనాలి వైపు వాళ్లు, ఉద్యోగాల కోసం పెళ్లయిన కొత్తలోనే ఇక్కడికొచ్చి ఇక్కడి వాళ్లయిపోయారు. సార్ దృష్టిలో ఫిలాసఫీ అంటే పని లేని వాళ్లు పని ఉన్న వాళ్లను ఆపి అడిగే ప్రశ్నలు. మేడం దృష్టిలో సైన్సు వాళ్లు తాము ఏం చేస్తున్నారో తెలియకుండానే బాగా చేసే మనుషులు. 'మీరు కొలుస్తారండీ, సరే. ఆ కొలత నమ్మొచ్చని ఎవరు చెప్పారు?' అని ఆమె. 'నువ్వు కాదులే' అని ఆయన. ఈ గొడవ వాళ్లింట్లో ఉప్మాలో పోపులాగా రోజూ పడాల్సిందే, లేకపోతే ఇద్దరికీ తోచేది కాదు.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉండేది. డైనింగ్ టేబుల్ దగ్గర ఎవరైనా ఏ విషయమైనా గట్టిగా అన్నారంటే, పక్కవాళ్లు 'ఏం చూస్తే కాదని ఒప్పుకుంటావ్?' అని అడగాలి. అన్నవాళ్లు అప్పటికప్పుడే, ఫలితం తెలియకముందే, ఫలానాది చూస్తే ఒప్పుకుంటానని చెప్పాలి. అలా చెప్పలేని మాటను ఆ టేబుల్ మీద లెక్కలోకి తీసుకోరు. ఒకవేళ ఓడిపోతే పైకి వినపడేట్టు 'ఓడిపోయాను' అనాలి, ఆ పూట రెండో కాఫీ వాళ్లే కలపాలి. ఓడినవాళ్లను దెప్పకూడదు. నేను వచ్చిన కొత్తలో, 'నల్లల వచ్చే మంజీరా నీళ్లల్ల పప్పు జల్ది ఉడుకుతది, బోరు నీళ్లల్ల ఉడకది' అన్నాను. బోరు నీళ్ల సంగతి మా ఊళ్లో అందరికీ తెలిసిందే కదా అని అన్నాను. మేడం చెంచా కింద పెట్టి అదే ప్రశ్న వేశారు. నాకు కోపమొచ్చింది. పప్పుకు కూడా సాక్ష్యం అడుగుతారా! సార్ మాత్రం హుషారుగా లేచి, ఒకే కుక్కర్‌లో రెండు గిన్నెలు పెట్టి, ఒకే డబ్బాలోని కందిపప్పు రెండిట్లో సమంగా పోసి, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో నల్లా నీళ్లు పోశారు. తేడా ఉండదని సార్ పందెం. బోరు నీళ్ల పప్పు పలుకులు పలుకులుగా మిగిలింది. సార్ దాన్ని అన్నంలో కలుపుకుని కటకట నములుతూ, 'ఓడిపోయానమ్మా' అని ఎంత సంతోషంగా అన్నారో! పెద్దవాళ్లు, అందులోనూ మగవాళ్లు, అట్లా అనగా నేను అంతవరకు వినలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆ ప్రశ్నకు సెలవిచ్చాం. అవి ఉద్యమం రోజులు. బంద్‌లు, ర్యాలీలు. నేను లైబ్రరీ దగ్గర నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుని వచ్చేదాన్ని. వాళ్లిద్దరికీ రాష్ట్రం విడిపోవడం ఇష్టం లేదు, ఆ సంగతి దాచుకోలేదు. ఒక పొద్దున నేనే ఉడుక్కుని, 'అడుగుండ్రి మేడం, తెలంగాణ ఎందుకు రావాలెనో, ఏం చూస్తే వద్దంటనో అడుగుండ్రి' అన్నాను. ఆమె అడగలేదు. 'అది నువ్వు ఇలా ఉందని చెప్పే మాట కాదమ్మాయ్, ఇలా ఉండాలని కోరుకునే మాట. కోరికకు ఒప్పూ తప్పూ కుక్కర్‌లో తేలవు. దానికి వేరే మాట్లాడుకోవాలి, వేరే రకంగా' అన్నారు. ఆ తర్వాత నా గొంతుకు మిరియాల పాలు ఇచ్చారు. ఏ ప్రశ్న ఏ శాస్త్రానిదో తెలుసుకోవడమే సగం చదువని ఆమె చెప్పేవారు. నాకు అప్పుడు ఆ పాలు మాత్రమే అర్థమయ్యాయి.

అసలు సంగతి నా కామెర్లు. ప్రిలిమ్స్ కొద్ది వారాల్లో ఉందనగా అన్నం వాసన పడకుండా పోయింది. కళ్లు పచ్చబడ్డాయి. రోడ్డు మీద పానీపూరి వల్ల అని సార్, లైబ్రరీ కుండలో నీళ్ల వల్ల అని మేడం. కాసేపు వాదించుకుని, ఇప్పుడు తేలేది కాదని ఇద్దరూ కలిసి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన రక్తం పరీక్ష చూసి, దీనికి ప్రత్యేకంగా మందేమీ లేదు, విశ్రాంతి తీసుకో, నూనె తగ్గించు, వారానికోసారి పరీక్ష చేయించు అని చెప్పి బి-కాంప్లెక్స్ గోలీలు రాశాడు. ఎవరు చేరవేశారో, కబురు ఊరికి చేరింది. మర్నాటికల్లా సీతాఫలాల సంచీతో బాపు గుమ్మంలో నిలబడ్డాడు. సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు. భుజం మీద తువ్వాల సర్దుకుంటూ, 'బిడ్డను తోల్కపోదామని వచ్చిన మేడం. మా పక్కూర్ల పసరు పోసేటాయన ఉన్నడు' అన్నాడు.

బాపు వెంట వెళ్తే పసరు, పథ్యం, అమ్మ కన్నీళ్లు. పరీక్ష పోతుంది. పరీక్ష పోతే ఈ గది పోతుంది. ఒకసారి ఇల్లు చేరానంటే అమ్మ మళ్లీ గడప దాటనివ్వదని నాకు బాగా తెలుసు. మంచం మీద నుంచి మేడం వైపు చూశాను, ఎట్లాగైనా ఆపమని. ఆమె బాపుకు ఎదురుగా, తను కూడా నిలబడే, మాట మొదలుపెట్టారు.

'పసరుతో తగ్గుతుందని మీకెలా తెలుసు మల్లయ్యగారూ?'

'మా తమ్మునికి తగ్గింది, మా అత్తకు తగ్గింది. ఊరందరికి గట్లనే తగ్గింది.'

'పసరు తాగకుండా ఉన్నవాళ్లకు ఏమైంది?'

బాపు ఆలోచించాడు. 'తాగకుంట ఎవరుంటరమ్మా? అందరు తాగుతరు.'

సార్ పక్క గదిలోంచి 'అదీ ఇబ్బంది!' అని అరిచారు. మేడం అటు చూసి కళ్లతోనే గదమాయించారు. బాపు తక్కువవాడు కాదు. ఆమె ప్రశ్నను కొంచెంసేపు నమిలి, తిరిగి ఆమెకే వేశాడు. 'మరి మీ డాక్టరు మందే లేదన్నడంట గదా. మందు లేనప్పుడు ఆయన దగ్గర తగ్గుతదని మీకెట్ల తెలుసమ్మా?'

మేడం 'మంచి ప్రశ్న' అన్నారు. అది ఊరికే అనే మనిషి కాదు. తర్వాత కుర్చీ లాగి, ఈసారి బాపు చేయి పట్టుకున్నంత పని చేసి కూర్చోబెట్టి, తమ ఇంటి ఆచారం చెప్పారు. 'అమ్మాయి ఇక్కడుంటే తగ్గుతుందని నేనంటున్నా. వచ్చే వారం రక్తం పరీక్షలో కామెర్ల అంకె తగ్గాలి. తగ్గకపోతే నేను చెప్పింది తప్పు. మీరు తీసుకెళ్లండి, నేను ఒక్క మాట అడ్డం చెప్పను.' బాపు నా వైపు చూసి, ఆమె వైపు చూసి, 'సరే' అన్నాడు. ముషీరాబాద్‌లో మా చిన్నాయన ఇంట్లో ఆ వారం ఉండిపోయాడు.

ఆ వారం నన్ను చూసుకున్నట్టు నన్నెవరూ చూసుకోలేదు. మేడం పొద్దున్నే బార్లీ నీళ్లు, మధ్యాహ్నం పల్చటి మజ్జిగన్నం, సాయంత్రం పెసరకట్టు. మేడ మెట్లు ఎక్కొద్దని నన్ను కింద తమ గదిలోనే పడుకోబెట్టి, సార్‌ను హాల్లోకి తోలేశారు. సార్ రోజూ ఒకే వేళకు నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, కనురెప్ప కిందికి లాగి చూసేవారు. వెలుతురు మారితే రంగు మారుతుందట, అందుకని అదే కిటికీ, అదే వేళ. బాపు సాయంత్రాలు వచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని వీళ్ల గొడవ వినేవాడు. ఒకరోజు ఏదో మాట మీద మేడం ఓడిపోయి కాఫీ కలపడానికి లేస్తే, ఈ ఇంట్లో ఎవరికీ పరువన్నదే లేదా అన్నట్టు నోరు తెరిచి చూశాడు.

వారం తిరిగింది. నారాయణగూడ చౌరస్తాలోని ల్యాబ్ నుంచి సార్ కాగితం తెచ్చారు. అంకె తగ్గలేదు, కొంచెం పెరిగింది.

సార్ వెంటనే అందుకున్నారు. 'కంగారేం లేదు. ఈ జబ్బులో అది ముందు కాస్త పెరిగి తర్వాతే దిగుతుంది. దార్లో డాక్టర్ని కూడా కనుక్కున్నాను. ఒక్క రీడింగు చూసి సిద్ధాంతాన్ని పారేస్తామా? అలా పారేస్తే ఫిజిక్సే మిగిలేది కాదు.' నాకు ప్రాణం లేచొచ్చింది. మేడం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మేడ మీదికి వెళ్లారు. కిందికి వచ్చినప్పుడు ఆమె చేతిలో నా సంచీ ఉంది. నా బట్టలు, గోలీలు, అడుగున నా పరీక్ష పుస్తకాలు సర్ది ఉన్నాయి.

'సీతా! పరీక్ష రాయాల్సిన పిల్ల!' అని సార్ అరిచారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలియదు.

నేను ఏడుస్తూ అడిగాను. 'మేడం, సార్ చెప్పింది నిజమే గదా?'

'నిజమే కావచ్చు.'

'మరేంది?'

'ముందు పెరుగుతుందన్న సంగతి నేను మీ నాన్నగారికి ముందు చెప్పలేదు. అంకె వచ్చాక చెబితే అది వివరణ కాదమ్మాయ్, సాకు. సైన్సులో ఒక్క అంకెకు పారేయరు, ఆయన చెప్పేది సరైనదే. కానీ నేను సైన్సుకు కాదు, ఒక మనిషికి మాటిచ్చాను.' అని బాపు వైపు తిరిగారు. 'తెలియకుండానే గట్టిగా చెప్పాను మల్లయ్యగారూ. ఓడిపోయాను. పసరు పోయించే ముందు మాత్రం అక్కడి డాక్టరుకు ఒకసారి చూపించండి. ఇది అడ్డం చెప్పడం కాదు, బతిమాలడం.'

బాపు సంచీ అందుకున్నాడు. నాకు ఆమె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నియమం పట్టుకుని నా బతుకు పణంగా పెట్టిందనుకున్నాను. బస్సులో కిటికీకి తల ఆనించి, బాపుతో కూడా మాట్లాడలేదు. భువనగిరి దాటాక ఆయనే, నాతో కాదు, ఎవరితోనో అంటున్నట్టు అన్నాడు. 'గంత చదువుకున్న మనిషి. సాకు చేతిల వెట్టినా తీస్కోలే.'

ఊళ్లో పసరు పోసే ఆదివారం వచ్చింది. అమ్మ పరగడుపున నన్ను తయారు చేసింది. బాపు గుమ్మంలో కూర్చుని, 'జర ఆగుదాం' అన్నాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది. 'పిల్ల కండ్లు చూడు, పసుపు ముద్దలైనయి! ఆగుడేంది?' అంది. బాపు కదల్లేదు. 'పసరు తాగకుంట ఏమైతదో నేను ఎన్నడు చూడలే. ఆ మేడం అడిగితే చెప్పనీకి రాలే. గీసారి చూస్త' అన్నాడు. భయం లేక కాదు, రోజూ నన్ను సైకిల్ మీద జనగామ తీసుకెళ్లి డాక్టరుకు చూపించేవాడు. ఆ రోజుల్లో ఆయనకు అన్నం సరిగ్గా సయించలేదని అమ్మ తర్వాత చెప్పింది. నా ప్రిలిమ్స్ తేదీ వచ్చి వెళ్లిపోయింది, ఆ రోజు నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. తర్వాత మెల్లగా ఆకలి వేసింది. కళ్లు తెల్లబడ్డాయి. పసరు చుక్క కూడా పడలేదు.

అమ్మ ఇక పంపనంది. నేననుకున్నంతా అయింది. కానీ బాపు, నా సంచీతో పాటు మా చేలో కందిపప్పు ఒక మూట కట్టి, నన్ను బస్సెక్కించాడు. చిక్కడపల్లిలో ఆ ఇంటి గుమ్మం లోపలికి వచ్చి, ఈసారి ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

'పసరు పొయ్యలే మేడం. అయినా తగ్గింది. ఇగ నేను ఓడిన' అన్నాడు.

మేడం కందిపప్పు మూట అందుకున్నారు. తర్వాత, 'ఒక్క అమ్మాయికి తగ్గితే అందరికీ అలాగే అని కాదండీ...' అని మొదలుపెట్టారు. 'అబ్బా, గెలిచినప్పుడన్నా ఊరుకోవే!' అన్నారు సార్. బాపు నవ్వాడు. ఇంటి ఆచారం ప్రకారం లేచి వంటింట్లోకి వెళ్లి, జీవితంలో మొదటిసారి ఫిల్టర్ కాఫీ కలిపాడు. చెంచాలకు చెంచాలు చక్కెర పోశాడు. సార్‌కు షుగరు. అయినా గుక్క మిగలకుండా తాగారు, మేడం కూడా అడ్డం చెప్పలేదు. వెళ్లేటప్పుడు బాపు నాతో, 'ఓడిన అని చెప్పేటోళ్ల ఇంట్ల ఆడిపిల్లను ధైర్నంగ పెట్టొచ్చు బిడ్డా' అన్నాడు. నా మనసులో ఆమె మీదున్న కోపం ఆ మాటతో పోయింది. ఆ పరీక్ష పోయినా గది పోలేదు, తర్వాత రాష్ట్రం వచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను.

గ్రూప్స్ నాకు కలిసిరాలేదు. బి.ఎడ్. చేసి వరంగల్‌లో సైన్సు టీచర్నయ్యాను. మా బడి పిల్లలకు ఈ ప్రశ్న నేర్పుతాను, ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడిగి తన్నులు తిని వస్తుంటారు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, అందరికీ అన్నీ గట్టిగా తెలుసు. మా స్టాఫ్ రూములో నేను చదువుకున్నవాళ్ల మధ్యే కూర్చుంటాను. సాకులు చాలా వింటాను. ఓడిపోయాననే మాట విని ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. నేను కూడా అనాల్సినన్ని సార్లు అనడం లేదులెండి. ఆ ఇంట్లో అయితే అది కాఫీ తాగినంత తేలిగ్గా అనేవాళ్లం.

ఇదంతా తలుచుకుంటూనే ఆ ఆదివారం వాళ్ల హాల్లో కూర్చున్నాను. మేడం బాగా వంగిపోయారు. సార్‌కు చెవులు వినపడవు, పేపరు చాటు నుంచి మా పెదవుల వైపు చూస్తున్నారు. బాపు పోయాడని చెప్పాను. ఆమె నా చేయి పట్టుకున్నారు. నేననుకున్నట్టు ప్రశ్నలు వేయలేదు. అందుకే నేనే చెప్పాను.

'క్యాన్సర్ మేడం. హైదరాబాద్ తీసుకొస్తానన్నా, వినలే. వరంగల్ ఆసుపత్రిలోనే చేర్చిన. పెద్ద డాక్టరు వచ్చి, కొత్త మందు మొదలువెడదాం, మంచిగైతది అన్నడు. బాపు మంచం మీదికెల్లి అడిగిండు, సార్, ఏం చూస్తే ఈ మందు పనిచేస్తలేదని ఒప్పుకుంటరు అని.'

మేడం చేయి నా చేతిలో బిగుసుకుంది. 'డాక్టరేమన్నాడు?'

'నిలబడి మాట్లాడేటాయన, కుర్చీ గుంజుకుని కూసున్నడు. ఇన్ని రోజులకు ఈ పరీక్షల ఈ అంకె తగ్గాలె, తగ్గకపోతే ఆపేద్దాం అని నిజం చెప్పిండు. ఆ రోజు వచ్చింది. అంకె తగ్గలే. డాక్టరు ఏం చెప్పాల్నో తెల్వక కాగితం దిక్కు చూస్తుంటే బాపే అన్నడు, ఓడినం సార్, బాధపడకుండ్రి అని. ఇగ ఇంటికి పోదాం బిడ్డా అన్నడు. సంచీ నేనే సర్దిన మేడం.'

వంటింట్లో ఫిల్టర్‌లో డికాక్షన్ దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మేడం అడిగారు. 'ఇంటి దగ్గర ఎలా ఉన్నారు?'

'మంచిగున్నడు. గడపల మంచమేసుకుని మా వరికోతలు చూసిండు. కొత్త బియ్యం వండితే, మెత్తగ చేసి పెడితే, తిన్నడు.'

సార్ పేపరు దించి, 'ఏమిటి? ఏమంటోంది అమ్మాయి?' అని అడిగారు. మేడం కళ్లు తుడుచుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి, వీధిలోకి కూడా వినపడేంత గట్టిగా చెప్పారు.

'మల్లయ్యగారు కొత్త బియ్యం తిన్నారుటండీ!'